కాంట్రా డాన్స్ కాలింగ్, డాన్సుల ఎంపిక: తరచుగా అడిగే ప్రశ్నలు

మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్ ఊళ్ళలో కొంతకాలం కాంట్రా డాన్స్ ఆడి, ఆ తర్వాత తామే మైకు పట్టుకుని నడిపించాలన్న కోరిక కలిగిన తెలుగు మిత్రులు నన్ను అడిగే ప్రశ్నలను, నేను చెప్పే సమాధానాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. డాన్సులోని ఒక్కొక్క కదలికను ఫిగర్ అంటారు; ఆ ఫిగర్ల పేర్లను హాలులో పలికే తీరులోనే రాశాను. వాటికి కొత్తగా తెలుగు పేర్లు కల్పిస్తే నేర్చుకునేవారికి ఒక పనికి రెండు పనులవుతాయి.

కాంట్రా డాన్స్ అంటే ఏమిటి? అందులో కాలర్ చేసే పని ఏమిటి?

కాంట్రా డాన్స్ అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో తరతరాలుగా నిలిచిన జానపద నృత్యం. దాని వేళ్ళు ఇంగ్లండులోని కంట్రీ డాన్సులలో ఉన్నాయి. 1651లో లండన్‌లో జాన్ ప్లేఫర్డ్ ప్రచురించిన సంకలనంలోనే రెండు పొడవాటి వరుసలు కట్టి ఆడే డాన్సులు కనిపిస్తాయి. వలస వెళ్ళినవారితో పాటు ఆ ఆట అట్లాంటిక్ దాటింది. ఇరవయ్యో శతాబ్దంలో అది మరుగున పడకుండా న్యూ హాంప్‌షైర్‌కు చెందిన రాల్ఫ్ పేజ్ దశాబ్దాల పాటు కాలింగ్ చేసి కాపాడారు. 1960లలో డడ్లీ లాఫ్‌మన్ చుట్టూ చేరిన యువతీయువకులతో అది మళ్ళీ ఊపందుకుంది. ఈ రోజు పశ్చిమ మసాచుసెట్స్‌లోని గ్రీన్‌ఫీల్డ్‌లో గైడింగ్ స్టార్ గ్రేంజ్, వాషింగ్టన్ శివారులోని గ్లెన్ ఎకో పార్కులో 1933లో కట్టిన స్పానిష్ బాల్‌రూమ్ వంటి చోట్ల దీనికి స్థిరమైన ఇళ్ళున్నాయి.

ఆడేవారు హాలు పొడవునా జతలుగా నిలబడతారు. బ్యాండ్ ఉన్న వైపు నుంచి రెండేసి జతలు చేతులు కలిపి నలుగురేసి గుంపులుగా ఏర్పడతాయి. దీనినే హ్యాండ్స్ ఫోర్ అంటారు. ప్రతి గుంపులో బ్యాండుకు దగ్గరగా ఉన్న జత వన్స్, దూరంగా ఉన్న జత టూస్. ఒక చుట్టు పూర్తయ్యేసరికి వన్స్ ఒక మెట్టు కిందికి, అంటే బ్యాండుకు దూరంగా, టూస్ ఒక మెట్టు పైకి జరిగి కొత్త జతను కలుసుకుంటాయి. మన తోడు మనతోనే ఉంటారు. ఎదుటి జత మాత్రం ప్రతి చుట్టుకూ మారుతుంది. ఎదుటి జతలో మనకు ఎదురయ్యే మనిషిని నైబర్ అంటారు.

కాలర్ ముందుగా డాన్సును నడిపించి చూపిస్తారు (దీనినే వాక్-త్రూ అంటారు), సంగీతం మొదలయ్యాక ప్రతి ఫిగరుకూ కాస్త ముందు దాని పేరు చెబుతారు, అందరికీ పట్టుబడ్డాక మెల్లగా మాట తగ్గించి ఊరుకుంటారు. మన కోలాటంలో గురువు సైగ చేయగానే వలయమంతా కోపు మారుస్తుంది కదా, అయితే అక్కడ ఆ కోపును వారాల తరబడి సాధన చేసి ఉంటారు. ఇక్కడ అప్పుడే తలుపు తోసుకుని లోపలికి వచ్చిన మనిషి కూడా పదినిమిషాల్లో ఆడగలగాలి. కాలర్ మాటకున్న బరువంతా అందులోనే ఉంది.

అందరూ 64 అడుగులు అంటారు. ఆ లెక్క ఏమిటి?

బ్యాండ్ వాయించే బాణీలో రెండు భాగాలుంటాయి. మొదటిది రెండుసార్లు, రెండవది రెండుసార్లు వస్తుంది. వాటిని ఏ-వన్, ఏ-టూ, బీ-వన్, బీ-టూ అంటాము. ఒక్కొక్కటి 16 అడుగులు, మొత్తం 64. దెబ్బకు ఒక అడుగు చొప్పున నడుస్తాము కాబట్టి బాణీ ఒకసారి పూర్తయ్యేసరికి డాన్స్ కూడా ఒక చుట్టు పూర్తి కావాలి. నిమిషానికి 116 దెబ్బల వేగంలో ఒక చుట్టుకు దాదాపు 33 సెకన్లు పడుతుంది. అంటే పదిహేను చుట్లు ఆడితే ఎనిమిది నిమిషాలు దాటుతుంది.

ఉదాహరణకు నేను కొత్తవారికి తరచుగా వాడే ఒక కూర్పును చూడండి. జతలో ఎడమవైపు నిలిచేవారిని లార్క్ అని, కుడివైపు నిలిచేవారిని రాబిన్ అని అంటున్నాను. ఏ-వన్‌లో నైబర్‌తో బ్యాలెన్స్ అండ్ స్వింగ్: నాలుగు అడుగులు బ్యాలెన్స్ (చేతులు పట్టుకుని ముందుకు వెనక్కి ఊగడం), పన్నెండు స్వింగ్ (ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఉన్నచోటనే గుండ్రంగా తిరగడం). ఏ-టూలో రెండు పొడవాటి వరుసలూ చేతులు పట్టుకుని ముందుకు వెళ్ళి వెనక్కి రావడానికి ఎనిమిది, ఆ తర్వాత రాబిన్లిద్దరూ కుడి చేతులు పట్టుకుని ఒకటిన్నర సార్లు తిరగడానికి ఎనిమిది. బీ-వన్‌లో సొంత తోడుతో బ్యాలెన్స్ అండ్ స్వింగ్. బీ-టూలో నలుగురూ వలయంగా ఎడమకు ముప్పావు వంతు తిరగడానికి ఎనిమిది, వలయంలోనే బ్యాలెన్స్ నాలుగు, ఎదురుగా ఉన్న నైబర్‌ను కుడి భుజం పక్కగా దాటిపోవడానికి నాలుగు. దాటగానే కొత్త నైబర్ ఎదురుగా ఉంటారు. ఈ డాన్సును గుర్తుంచుకోండి, కింది సమాధానాల్లో మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

మాట సరిగ్గా ఎప్పుడు చెప్పాలి?

కొత్త కాలర్లందరికీ ఇక్కడే కాలు జారుతుంది. ఫిగర్ మొదలయ్యే దెబ్బ మీద దాని పేరు చెబితే అప్పటికే ఆలస్యమైనట్టు. వినడానికి, అర్థం చేసుకోవడానికి, శరీరం కదలడానికి ఆడేవారికి కొంత వ్యవధి కావాలి. అందువల్ల కిందటి ఫిగరులోని చివరి నాలుగు అడుగుల మీద మాట పలికి, ఎనిమిదో అడుగుకు నోరు మూయాలి. అప్పుడు కొత్త వాక్యం మొదటి దెబ్బ మీద ఆడేవారి మొదటి అడుగు పడుతుంది. సంగీతం ఏ దెబ్బ మీద ఊపిరి తీసుకుంటుందో ఆ దెబ్బ మీద హాలంతా ఒక్కటిగా బ్యాలెన్స్ చేస్తే చెక్క నేల మోగే మోతను ఒకసారి విన్నవారు మాటను ఆలస్యంగా చెప్పడానికి మళ్ళీ ఒప్పుకోరు.

మాటల వరుస కూడా ముఖ్యమే. ముందు ఎవరు, తర్వాత ఏమిటి, చివర ఎంత దూరం. పై డాన్సులో ముందుకు వెనక్కి నడిచిన వరుసలు వెనక్కి వస్తుండగా, అయిదో అడుగు మీద "రాబిన్స్", ఆరు మీద "రైట్", ఏడు ఎనిమిది మీద "వన్ అండ్ ఎ హాఫ్". "ఇప్పుడు మన రాబిన్స్ ఏం చేస్తారంటే" అని మొదలుపెడితే ఆ నాలుగు అడుగులూ గాలికి పోయినట్టే. స్వింగ్ తర్వాత వచ్చే మాటను మరికొంచెం ముందుగా చెప్పాలి, ఎందుకంటే స్వింగులో ఉన్నవారు తోడు ముఖం తప్ప మరేమీ చూడరు, వినడం కూడా తగ్గుతుంది. వారు విడిపోయి ఎదుటివైపు తిరిగి నిలబడటానికి రెండు అడుగులు పడుతుంది.

సాధనకు ఒక మార్గం చెబుతాను. వంటింట్లో ఒక రీల్ (కాంట్రాకు వాయించే ఒక రకం బాణీ) పెట్టుకుని, డాన్స్ రాసుకున్న కార్డు చేతిలో పట్టుకుని, నడుస్తూ మాటలు పలకండి. నోరు, కాళ్ళు వేర్వేరు చోట్ల ఉండాలి: కాళ్ళు ఈ ఫిగరులో ఉండగా నోరు రాబోయే ఫిగరులో ఉండాలి. నాకు ఇది అలవడటానికి ఒక చలికాలమంతా పట్టింది.

మాట ఎప్పుడు ఆపాలి?

మొదటి రెండు మూడు చుట్లు పూర్తిగా చెప్పండి. తర్వాతి చుట్లలో ఒక్కొక్క మాటకు కుదించండి: "రాబిన్స్, రైట్" చాలు. ఆ తర్వాత తడబాటు ఉన్న చోట మాత్రమే చెప్పి, మిగిలినచోట బ్యాండుకు వదిలేయండి. మీరు ఊరుకున్నాక కూడా వరుసల మీద నుంచి కళ్ళు తీయకూడదు. ఒక మూల నలుగురు ఆగిపోతే మరుసటి చుట్టులో రెండు మాటలతో వారిని తిరిగి పట్టాలెక్కించి, మళ్ళీ వెనక్కి తగ్గాలి.

వాక్-త్రూ ఎంతసేపు ఉండాలి?

మూడు నాలుగు నిమిషాలకు మించితే నిలబడినవారి కాళ్ళు చల్లబడతాయి, వెనకవైపు మాటలు మొదలవుతాయి. ఫిగర్ ఎందుకు అలా ఉందో వివరించకండి. ఎక్కడ మొదలై, ఎవరి ఎదుట ముగుస్తుందో చెప్పండి. "ఇప్పుడు మీ తోడు మీ కుడిపక్కన ఉండాలి, అవునా?" అని ఒకటి రెండు చోట్ల ఆగి సరిచూసుకుంటే అరడజను తప్పులు అక్కడే సరవుతాయి. పూర్తిగా కొత్తవారుంటే రెండుసార్లు నడిపించండి. లేకపోతే ఒకసారి చాలు. రెండోసారి నడిపిస్తున్నప్పుడు మొదటిసారి వాడిన మాటలనే మళ్ళీ వాడండి. మాట మారితే అది వేరే ఫిగర్ అనుకుంటారు.

డాన్స్ ఎంత కష్టమో కార్డు చూసి ఎలా అంచనా వేయాలి?

ఫిగర్ల సంఖ్య మీద ఆధారపడవద్దు. పది ఫిగర్లున్నా చేతులు వదలకుండా సాగే డాన్స్ తేలికగా ఉంటుంది. ఆరే ఉన్నా మనుషులను ఒంటరిగా గాలిలో వదిలేసే డాన్స్ కష్టం. నేను కార్డు మీద ముందుగా చూసేది, ఆడేవారి చేయి ఎవరో ఒకరి చేతిలో ఎంతసేపు ఉంటుందన్నది. వలయం, స్టార్ (నలుగురూ మధ్యలో చేతులు కలిపి తిరిగేది), స్వింగ్, పొడవాటి వరుసలు, వీటిలో కొత్తవారిని పక్కవారి చెయ్యే తీసుకుపోతుంది. నలుగురూ ఒకరినొకరు దాటుకుంటూ జడలా అల్లుకునే హే ఫర్ ఫోర్, ఎదుటివారిని చూస్తూ పక్కవారి చుట్టూ తిరిగే మ్యాడ్ రాబిన్ వంటివాటిలో చేతులుండవు; భుజాల పక్కగా అల్లుకుంటూ పోవాలి, దారి తప్పితే పట్టుకునేవారుండరు.

రెండవది, నలుగురి గుంపును విడిచి బయటికి వెళ్ళి తిరిగి వస్తారా అన్నది. కొన్ని డాన్సులలో పాత నైబర్‌ను, కొత్త నైబర్‌ను, మధ్యలో షాడో అనే మూడో మనిషిని కలుస్తూ పోతారు. అనుభవం ఉన్నవారికి అది ఎంతో ఇష్టం. కొత్తవారికి మాత్రం ముఖాలన్నీ కలగలిసిపోతాయి.

మూడవది నేను అన్నిటికన్నా ఎక్కువ పట్టించుకునేది: తప్పిపోయినవారు తిరిగి కలిసే చోటు ఎక్కడ ఉంది? పై ఉదాహరణలో బీ-వన్ మొదట సొంత తోడుతో బ్యాలెన్స్ వస్తుంది. ఏ-టూలో రాబిన్ ఒకటిన్నరకు బదులు ఒకటే తిరిగినా, రెండు తిరిగినా, ఎదురుగా తోడు చేతులు చాచి నిలబడి ఉంటారు. అటు వెళ్ళి పట్టుకుంటే చాలు, మిగతా డాన్స్ దానంతట అదే సర్దుకుంటుంది. అటువంటి చోటు లేని డాన్సులో ఒక తప్పు వరుస చివరిదాకా పాకిపోతుంది.

ఇక ప్రవాహం సంగతి. ఎడమచేతితో తిరిగినవారు తర్వాత కుడిచేతిని ఇవ్వడం సుఖం. వలయం ఎడమకు తిరిగాక కుడిచేతి స్టార్ అదే దిశలో సాగుతుంది. ఎడమచేతి స్టార్ పెడితే ఒంటిని బలవంతంగా ఆపి తిప్పాలి. కార్డు మీద ఇది కనిపించదు, వంటింట్లో నాలుగు కుర్చీలు పెట్టుకుని నడిచి చూస్తే మోకాళ్ళు చెబుతాయి.

సాయంత్రం మొత్తానికి డాన్సులను ఏ క్రమంలో పేర్చాలి?

సాధారణంగా ఒక సాయంత్రం మూడు గంటలు ఉంటుంది. దానికి అరగంట ముందు కొత్తవారికి పాఠం. 180 నిమిషాల్లో విరామానికి ఇరవై, విరామం ముందు ఒకటి, ముగింపులో ఒకటి చొప్పున రెండు వాల్ట్జులకు పది తీసేస్తే 150 మిగులుతాయి. వరుసలు కట్టడం, నడిపించడం, ఆడటం అన్నీ కలిసి డాన్సుకు పావుగంట పడుతుంది కాబట్టి పది డాన్సులు. నేను పదిహేను కార్డులు తీసుకెళతాను, ఎందుకంటే తలుపులోంచి ఎవరు వస్తారో ముందుగా తెలియదు.

మొదటి డాన్స్ నేను పైన ఇచ్చినటువంటిది కావాలి: ఎవరూ విఫలం కాకూడదు. ఆలస్యంగా వచ్చేవారు ఆ వేళకే చేరుతుంటారు, బ్యాండ్ వేళ్ళు కూడా అప్పుడే వేడెక్కుతుంటాయి. రెండవదానిలో ఒకే ఒక కొత్త ఫిగర్, ఉదాహరణకు రాబిన్లిద్దరూ కుడి చేతులు అందుకుని ఎదుటి పక్కకు దాటే రాబిన్స్ చెయిన్, చేర్చాలి. మూడవదానిలో అదే చెయిన్ మళ్ళీ వేరే చోట రావాలి. నేర్పినదాన్ని వెంటనే వాడించకపోతే నేర్పినదంతా వృథా. విరామానికి ముందు హే నేర్పి, విరామం తర్వాత హే ఉన్న మరొక డాన్స్ వేస్తే, మొదటిసారి భయంగా చూసిన కళ్ళే రెండవసారి వెలుగుతాయి. ఆ సాయంత్రానికి అన్నిటికన్నా కష్టమైన డాన్స్ విరామం తర్వాత రెండవ లేదా మూడవ స్థానంలో ఉండాలి. అప్పటికి ఒంట్లో ఊపు ఉంటుంది, తలలో అలసట ఇంకా మొదలు కాదు. చివరిది సాఫీగా, తోడుతో పొడవైన స్వింగ్ ఉన్నదై ఉండాలి, ఎందుకంటే చాలామంది ఆ చివరి డాన్సుకు తమకు ఇష్టమైన తోడును ముందే అడిగి పెట్టుకుంటారు.

వెంటవెంటనే వచ్చే డాన్సులు ఒకదానినొకటి పోలి ఉండకూడదు. దీనికోసం ఒక కాగితం మీద గళ్ళు గీసి, అడ్డంగా ఏ-వన్ నుంచి బీ-టూ వరకు, నిలువుగా డాన్సులు రాయండి. వరుసగా నాలుగు డాన్సులూ నైబర్‌తో బ్యాలెన్స్ అండ్ స్వింగుతోనే మొదలవుతుంటే గళ్ళలో అది ఒక్క చూపులో కనబడుతుంది. బెకెట్ అమరికలో, అంటే తోడు ఎదురుగా కాక పక్కన నిలబడి మొదలుపెట్టే డాన్సులను, మధ్యమధ్యలో ఉంచితే కళ్ళకూ కాళ్ళకూ మార్పు దొరుకుతుంది.

వచ్చినవారిలో సగం మంది కొత్తవారైతే?

మీరు ఇంట్లో రాసుకున్న క్రమాన్ని పక్కన పెట్టండి. ఇది చెప్పడం తేలిక, చేయడం కష్టం. ఎంతో ఇష్టపడి ఎంచుకున్న డాన్సును జేబులోనే ఉంచుకుని ఇంటికి రావడానికి మనసు ఒప్పుకోదు. అయినా హాలులో ఉన్నవారి కోసమే మనం వెళ్ళాము. అనుభవం ఉన్నవారిని కొత్తవారిని తోడుగా తీసుకోమని మర్యాదగా అడగండి, పాత జంటలన్నీ ఒకే వరుసలో, బ్యాండుకు దగ్గరగా గుమిగూడకుండా చూడండి. తేలికైన డాన్సులతో అనుభవజ్ఞులకు విసుగు పుడుతుందన్నది అపోహే. మంచి బాణీ ఉండి, వరుస సాఫీగా కదిలితే వారికి కావలసినది దొరుకుతుంది. అన్నిచోట్లా కూలిపోయే గొప్ప డాన్స్ ఎవరికీ సంతోషం ఇవ్వదు.

వరుస చివరికి చేరిన జతకు ఏం చెప్పాలి?

చివర్లో ఎదుటి జత ఉండదు కాబట్టి వారు ఒక చుట్టు ఆగాలి. ఆ వ్యవధిలో వెనక్కి తిరిగి, ఇద్దరూ చోట్లు మార్చుకుని, లార్క్ ఎడమకు రాబిన్ కుడికి వచ్చేలా నిలబడితే తిరిగి లోపలికి రావడానికి సిద్ధం. ఇప్పటిదాకా వన్స్‌గా ఉన్నవారు ఇకపై టూస్. ఈ రెండు వాక్యాలను మొదటి డాన్స్ వాక్-త్రూలోనే చెప్పండి. నాలుగో చుట్టులో చివర ఇద్దరు దిక్కులు చూస్తూ నిలబడితే తప్పు వారిది కాదు, చెప్పని కాలర్‌దే.

లార్క్, రాబిన్ అనే పేర్లు ఎందుకు? పాత పేర్లు వాడవచ్చా?

ఒకప్పుడు జెంట్స్, లేడీస్ అనేవారు. ఎవరు ఏ పాత్రనైనా ఆడవచ్చునన్న ఆలోచన బలపడిన కొద్దీ, మగ ఆడ అన్న అర్థం లేని పేర్లు అవసరమయ్యాయి. లెఫ్ట్, రైట్ అన్న ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలతోనే లార్క్, రాబిన్ మొదలవుతాయి కాబట్టి గుర్తుంచుకోవడం తేలిక. రెండూ పిట్టల పేర్లే. ఏ హాలుకు వెళితే అక్కడి నిర్వాహకులు వాడే పేర్లనే వాడండి, మీ కార్డుల మీద రెండూ పలకగలిగేలా రాసుకోండి. అలాగే ఒకరి చుట్టూ ఒకరు చూపులు కలిపి తిరిగే ఫిగరుకున్న పాత పేరు యూరప్‌లోని రోమా జాతి ప్రజలను కించపరుస్తుందన్న అభ్యంతరంతో చాలాచోట్ల దానిని ఇప్పుడు రైట్ షోల్డర్ రౌండ్ అంటున్నారు. ఆ మార్పును నేను మనస్ఫూర్తిగా ఆమోదిస్తాను.

నచ్చిన డాన్సును అవసరాన్ని బట్టి వేదిక మీదే మార్చవచ్చా?

మార్చవచ్చు, కాని నడిచి చూడకుండా మార్చవద్దు. నాకు జరిగినది చెబుతాను. పైన ఇచ్చిన డాన్సునే ఒక రాత్రి పిలుస్తూ, వాక్-త్రూకు ముందు, రాబిన్లు చాలాసేపు పనిచేశారు కదా, ఈసారి లార్కులు తిరగనీ అనుకుని, రాబిన్స్ కుడిచేతి ఒకటిన్నరకు బదులు లార్క్స్ ఎడమచేతి ఒకటిన్నర అన్నాను. చూడటానికి అద్దంలో బొమ్మలాంటి మార్పే. తోడుతో స్వింగ్ చక్కగా వచ్చింది, వలయం తిరిగింది, బ్యాలెన్స్ అయింది, దాటుకుని వెళ్ళారు. కొత్త నైబర్ కూడా కనిపించారు. మూడో చుట్టు మొదలయ్యేసరికి ప్రతి ఒక్కరికీ మొదటి చుట్టులో కలిసిన నైబరే మళ్ళీ ఎదురయ్యారు. నాలుగో చుట్టులో రెండో మనిషి. వరుస మొత్తం ఉన్నచోటనే ఇద్దరి మధ్య ఊగుతోంది, ఎవరూ ముందుకు కదలడం లేదు.

కారణం ఇది. రాబిన్లు దాటితే వన్స్ స్వింగ్ ఒక పక్క జరుగుతుంది, లార్కులు దాటితే ఎదుటి పక్క జరుగుతుంది. అక్కడినుంచి వలయం ముప్పావు తిరిగితే మొదటి సందర్భంలో వన్స్ బ్యాండ్ వైపు ఉంటారు, దాటగానే కిందికి చేరతారు. రెండవ సందర్భంలో వలయం తిరగడంతోనే వన్స్ కిందికి వచ్చేస్తారు, దాటడంతో తిరిగి పైకి పోతారు. ఇంటికి వచ్చాక నాలుగు ఉప్పు మిరియాల సీసాలను బల్ల మీద జరుపుతుంటే ఈ సంగతి నాకు బోధపడింది. ఆ రాత్రి మాత్రం సంగీతం ఆపించి, తప్పు నాదని చెప్పి, రాబిన్స్ అని సరిచేసి మళ్ళీ మొదలుపెట్టాను. అందరూ ఎంతో ఆదరంగా చప్పట్లు కొట్టారు. అప్పటినుంచి ఏ మార్పునైనా సీసాలతో కనీసం రెండు చుట్లు జరిపి చూశాకే కార్డు మీద ఎక్కిస్తున్నాను.

ఆట మధ్యలో అంతా కలగలిసిపోతే?

ఒక గుంపే చెదిరితే ఆపవద్దు. "మీ తోడును వెతుక్కుని స్వింగ్ చేయండి" అని చెప్పి, తర్వాతి చుట్టు ఏ-వన్ నుంచి గట్టిగా పిలవండి. సగం హాలు చెదిరితే మాత్రం బ్యాండుకు సైగ చేసి ఆపించడమే మర్యాద. ఎవరి వైపూ వేలు చూపవద్దు, ఏ వరుసలో తప్పు జరిగిందో మైకులో అనవద్దు.

బ్యాండుతో ఏం మాట్లాడాలి?

బాణీ పేరు మీరు చెప్పనవసరం లేదు, డాన్స్ తీరు చెప్పండి. "బీ-వన్ మొదట బ్యాలెన్స్ ఉంది, అక్కడ దెబ్బ బలంగా పడాలి" అనో, "ఇది సాఫీగా సాగేది, జిగ్ అయితే బాగుంటుంది" అనో (జిగ్ మరో రకం బాణీ) అంటే వారు తమకు తగినది ఎంచుకుంటారు. మొదలుపెట్టేముందు ఫిడేలు వాయించేవారు నాలుగు దెబ్బలు కొడతారు, వాటిని ఫోర్ పొటేటోస్ అంటారు. మీ మొదటి మాట సరిగ్గా ఆ నాలుగు దెబ్బల మీద పడాలి. ముగించడానికి ఇంకా మూడు చుట్లున్నాయనగా వారి వైపు మూడు వేళ్ళు చూపండి. వేగం పెరిగిపోతుంటే ఆ మాట చెవిలో చెప్పండి, మైకులో కాదు.

పాత సంప్రదాయ డాన్సులను ఇప్పుడు పిలవవచ్చా?

తప్పకుండా, అప్పుడప్పుడు. కోరస్ జిగ్, రోరీ ఓ'మోర్, మనీ మస్క్ వంటివాటిలో వన్స్ ఎక్కువ ఆడతారు, టూస్ చాలాసేపు నిలబడి సాయం చేస్తారు. అందరూ అందరితో స్వింగ్ చేసే డాన్సులకు అలవాటుపడిన ఈ తరానికి అది కొత్తగా ఉంటుంది. అయితే వీటికి సొంత బాణీలున్నాయి, వాటితోనే ఆడించాలి. కోరస్ జిగ్ పేరులో జిగ్ ఉన్నా బాణీ రీల్ అన్నది బ్యాండువారికి తెలుసు, కాలర్‌కూ తెలిసి ఉండాలి. సాయంత్రానికి ఒకటి చాలు, అదీ వరుస మరీ పొడవుగా లేనప్పుడు.

స్వింగ్ చేస్తే తల తిరుగుతుందనేవారికి, వద్దనేవారికి ఏం చెప్పాలి?

తోడు ముఖం మీద చూపు నిలపమని, ఎవరి బరువును వారే మోసుకోమని, కుడికాలు లోపల ఉంచి ఎడమకాలితో తోసుకుంటూ తిరగమని చెప్పండి. కళ్ళలోకి చూడటం ఇబ్బందిగా ఉంటే చెవి వైపు చూడవచ్చు. ఇష్టం లేనివారు స్వింగ్ బదులు రెండు చేతులు పట్టుకుని నడుస్తూ తిరిగితే సరిపోతుందని మైకులో అందరికీ వినబడేలా చెప్పండి. అప్పుడు ఎవరూ ఒంటరిగా సంజాయిషీ ఇచ్చుకోనవసరం ఉండదు. తోడును గిరగిరా తిప్పడం, వెనక్కి వంచడం వంటివి అవతలివారి సమ్మతి లేకుండా చేయరాదని ప్రతి సాయంత్రం ఒకసారైనా చెప్పాలి.

మన తెలుగు కుటుంబాల వేడుకలో తెలుగులోనే పిలవవచ్చా?

పిలిచాను, బాగా కుదిరింది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, అది మనకు ఇబ్బంది అనుకున్నాను. "చేతులు పట్టుకుని ఎడమవైపు తిరగండి" అంటే ఎనిమిది దెబ్బలూ అయిపోతాయి. క్రియను వదిలేస్తే చిక్కు విడిపోయింది: "అందరూ, వలయం, ఎడమకు", "ఎదుటివారితో, కుడి చెయ్యి, ఒక చుట్టు". ఎవరు, ఏమిటి, ఎంత అన్న వరుస తెలుగుకు సహజంగానే అమరుతుంది. పట్టుచీరలు కట్టుకున్నవారితో స్వింగ్ పెట్టుకోవద్దు, కుచ్చెళ్ళు కాళ్ళకు అడ్డుపడతాయి. రెండు చేతుల చుట్టు చాలు. జత ఎదుట జత నిలబడి పెద్ద వలయంగా ఆడే సిసిలియన్ సర్కిల్ ఇటువంటిచోట ఎంతో అనువైనది, ఎందుకంటే దానికి చివర్లు లేవు, ఎవరూ ఆగి నిలబడనక్కర్లేదు. పెద్దవారిని "అమ్మమ్మగారూ, మీ కుడి చెయ్యి" అని పిలిస్తే వరుస తప్పినా నవ్వుతూ వచ్చి చేరతారు.

డాన్సులు ఎక్కడ సేకరించాలి? కూర్చినవారి పేరు చెప్పాలా?

ఆడిన డాన్సులలో నచ్చినదాన్ని ఆ రాత్రే చీటీ మీద రాసుకోవడం అన్నిటికన్నా మంచి సేకరణ, ఎందుకంటే అది ఒంటికి ఎలా ఉంటుందో మీకు అప్పటికే తెలుసు. కాలర్‌ను అడిగితే విరామంలో తమ కార్డును సంతోషంగా చూపిస్తారు. 1915లో మొదలైన కంట్రీ డాన్స్ అండ్ సాంగ్ సొసైటీ వంటి సంస్థలు కొత్త కాలర్లకు శిక్షణ, పుస్తకాలు అందిస్తున్నాయి. ఇప్పుడు ఆడే డాన్సుల్లో ఎక్కువభాగం పేరున్న మనుషులు కూర్చినవే కాబట్టి కార్డు పైన డాన్స్ పేరు పక్కనే కూర్చినవారి పేరు రాయండి, పిలిచేటప్పుడు ఒకసారి చెప్పండి.

మంచు కురిసిన రాత్రి ఎనిమిది మందే వస్తే?

నాలుగు జతలైతే స్క్వేర్ డాన్స్ ఉంది. ఆరుగురే మిగిలితే టెడ్ సానెల్లా కూర్చిన ట్రిప్లెట్లు ఉన్నాయి; మూడు జతలతోనే వరుస కట్టి ఆడేవి అవి, ప్రతి చుట్టుకూ జతల క్రమం మారుతుంది. అయిదు జతలతో కాంట్రా వేస్తే ప్రతిసారీ ఒక జత ఆగాల్సి వస్తుంది కాబట్టి చుట్లు తగ్గించి, డాన్సుల సంఖ్య పెంచండి. నా పెట్టెలో ఇటువంటి రాత్రుల కోసం ఆరు కార్డులు ఎర్ర దారంతో కట్టి వేరుగా ఉంటాయి, నవంబరు నుంచి మార్చి వరకు అవి లేకుండా ఇల్లు కదలను.